తేదీ వెయ్యని ఉత్తరం

కద్మా, జంషెడ్‌పూర్
29 ఏప్రిల్ 2025, మంగళవారం, ఉదయం ఏడున్నర

చిరంజీవి అశోక్‌కి అమ్మమ్మ దీవెనలు.

నీ ఉత్తరం నిన్న అందింది. దాన్ని ఈ కవరులోనే పెట్టి వెనక్కి పంపుతున్నాను. పైన ఊరి పేరు లేదు, తేదీ లేదు. సరిహద్దు దగ్గర పనిచేసేవాళ్ళు స్టేషన్ పేరు రాయకూడదని చెప్పారన్నావు కాబట్టి ఊరి సంగతి వదిలేస్తున్నాను. తేదీ మాత్రం వదలను. ముప్పై నాలుగేళ్ళు బడిలో ఎంతమందికి చెప్పానో, ఇప్పుడు నీకూ చెబుతున్నాను. తేదీ లేని కాగితం రాసినట్టు కాదు. తేదీ వేసి మళ్ళీ పంపు.

నా చెవులు ఫోనుకి పనికిరావు. మీ అమ్మకేమో ఫోన్లో "ఠీక్ హూఁ మమ్మీ" అని తప్ప ఇంకేమీ చెప్పవు. మీ అమ్మ అదే మాట కాగితం ముక్క మీద రాసి నాకు చూపిస్తుంది. అది నాకు చాలదు. ఉత్తరమైతే నీ అక్షరం చూస్తాను, చెయ్యి వణికిందో లేదో తెలుస్తుంది. నీ ఉత్తరాలకి ఒక పుస్తకం పెట్టాను. రాసిన రోజు ఒక గడి, అందిన రోజు ఒక గడి. మధ్యలో అయిదు రోజులు, ఒక్కోసారి ఆరు. అంటే చదివేటప్పుడు నాకు తెలిసేది అయిదు రోజుల కిందట నువ్వు బతికి ఉన్నావన్న సంగతి మాత్రమే.

యుద్ధం వస్తుందని ఇక్కడ అందరూ అంటున్నారు. పక్కింటి జగ్గారావు నా బీపీ మాత్రలు తెచ్చి ఇస్తూ, యుద్ధం ఎందుకయ్యా అంటే నాకు వినబడాలని అరుస్తాడు: "ఏటి టీచరమ్మా అలాగంతారు! కొట్టుకోడం మనిసి నెత్తుట్లోనే ఉంతాది. ఎవులాపుతారు? ఓపాలి గట్టిగా ఏసీత్తే అల్లే ఒగ్గెత్తారు." మా మనవడు అక్కడ ఇంజన్ మీద ఉన్నాడయ్యా అన్నాను. "మరైతే మీకే గర్వం," అన్నాడు. నాకు గర్వం లేదు. అన్నం సహించడం లేదు.

అసిస్టెంటుగా ఇంజన్ ఎక్కి నాలుగు నెలలైనా కాలేదు నీకు. పెద్ద డ్రైవర్ చెప్పినట్టు నడుచుకో.

రమాదేవి


5 మే 2025, సోమవారం (చూసుకో అమ్మమ్మా, తేదీ వేశాను)

అమ్మమ్మకి నమస్కారాలు.

ఆ పాత ఉత్తరం మీద కూడా తేదీ వేసి దీనితో పంపుతున్నాను. తెలుగు రాసి చాలా రోజులైంది, తప్పులుంటే ఎర్ర గీతలు గియ్యి, వెనక్కి మాత్రం పంపకు ప్లీజ్.

ఇక్కడ సాయంత్రమైతే లైట్లు ఆపేస్తున్నారు. స్టేషన్లో చాయ్ అమ్మే బల్దేవ్ చాచా ఒక్కడే ఏం పట్టనట్టు స్టవ్ చుట్టూ రేకు కట్టుకుని అమ్ముతున్నాడు. అరవై దాటాయి. నేను తెలుగువాణ్ణని తెలిసినప్పట్నుంచి ఇడ్లీ ఎలా చేస్తారని రోజూ అడుగుతాడు. నాకేటి తెలుసు, మమ్మీకి తెలుసు అంటాను.

రన్నింగ్ రూమ్‌లో డ్యూటీ దిగి పడుకోడానికి ఎనిమిది మంచాలు, కూలర్ మాత్రం ఒక్కటే. దాని మూతి ఎటు తిరగాలని రోజూ గొడవ. మా పెద్ద డ్రైవర్ నవ్వుతాడు. "ఇదే బేటా, కూలర్ దగ్గర జరిగేదే బోర్డర్ దగ్గరా జరుగుతుంది. ఆద్మీ కీ ఫిత్రత్." ఫిత్రత్ అంటే స్వభావం కదా? నువ్వు చదువుకున్నదానివి, చెప్పు. మనిషి స్వభావమే అలాంటిదా? అలాంటిదైతే ఇక ఎవరేం చేసీ లాభం లేదు కదా.

భయంగా ఉంది అమ్మమ్మా. మమ్మీకి చెప్పకు.

అశోక్


కద్మా, జంషెడ్‌పూర్
8 మే 2025, గురువారం, ఉదయం ఆరు

చిరంజీవి అశోక్‌కి,

నీ ఐదో తేదీ ఉత్తరం రెండు రోజులకే, నిన్న మధ్యాహ్నం వచ్చింది. "ఏటి తెలుసు" అని ఉత్తరంలో రాయకు, నోటితో ఎలా అన్నా ఫరవాలేదు. మిగతావి ఏడు తప్పులు. నువ్వు అడిగినదానికి నిన్ననే జవాబు రాద్దామని కూర్చున్నాను. ఈలోగా ఇది జరిగింది.

నిన్న నాలుగు గంటలకి ఊళ్ళో యుద్ధం వస్తే ఏం చెయ్యాలో నేర్పే డ్రిల్లు. సైరన్ మోగిందట. నాకు వినబడలేదు. ఎదురు క్వార్టర్ కప్పు మీది పావురాలన్నీ ఒక్కసారి లేచాయి, వీధిలో అందరూ నోళ్ళు తెరుచుకుని పరుగెత్తారు. చప్పుడు లేకుండా పరుగెత్తే మనుషుల్ని చూస్తే ఎలా ఉంటుందో నీకు తెలియదు. తెలియకుండానే ఉండాలి.

చీకటిపడ్డాక వీధివాళ్ళు తమంతట తామే దీపాలు ఆర్పేశారు. మూలింటి సింహాచలమ్మ దేవుడి దగ్గర దీపం ఆర్పలేదు. ఎనభై రెండేళ్ళ మనిషి, చీకటంటే భయం. ఆ కిటికీ మీద ఎవరో రాయి వేశారు. నేను చేతికర్ర తీసుకుని వెళ్ళేసరికి గుంపు చేరింది. ముందు నిలబడ్డది ఎవరనుకున్నావు? మన జగ్గారావు. రోజూ నాకు మాత్రలు తెచ్చేవాడి చేతిలో ఇటుక ఉంది. తలుపుకి అడ్డంగా నిలబడి "పడెయ్యి" అన్నాను. వాడు నన్ను గుర్తుపట్టలేదు. నిజంగానే గుర్తుపట్టలేదు, అశోక్. అయిదారు క్షణాలు పట్టింది. తర్వాత ఇటుక కింద పెట్టి ఏదో గొణిగాడు. ఈ ఉదయం పాలప్యాకెట్ గుమ్మంలో పెట్టి, మొహం చూపించకుండా వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నీ ప్రశ్న. ఈ వీధికి వచ్చి ఇరవై రెండేళ్ళు. ఇక్కడ జరిగిన ప్రతి తగాదా నా దినపుస్తకంలో ఉంది. నిన్నటితో నలభై నాలుగు. ఎవరో ఒకరు మధ్యలో నిలబడితే నలభై మూడు ఆగిపోయాయి. ఒక్కటి ఆగలేదు, పంపు దగ్గర తల పగిలింది. కొట్టడం మనిషి స్వభావమే అయితే ఆగడం కూడా స్వభావమే. నా లెక్క అలా చెబుతోంది. మీ పెద్ద డ్రైవర్‌కి ఈ మాట చెప్పు.

టాటానగర్ రైల్వే క్వార్టర్లలో ఉన్నప్పటి పుస్తకాలు ఈ లెక్కలో కలపలేదు.

జాగ్రత్త.

రమాదేవి


13 మే 2025, మంగళవారం

అమ్మమ్మా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. చదవలేకపోయాను. నువ్వు తలుపుకి అడ్డంగా నిలబడ్డావన్నచోట ఆపేసి, మిగతాది ఇవాళ పొద్దున్న చదివాను.

చెబుతాను. మధ్యలో ఆపితే మళ్ళీ రాయలేను, తప్పులు లెక్కపెట్టకు.

ఎనిమిదో తారీకు, గురువారం, ఎనిమిదిన్నర దాటింది. ఊరంతా చీకటి. మా గూడ్సు స్టేషన్ వదిలి రెండు కిలోమీటర్లు వచ్చిందో లేదో, ఇంజన్ కింద ఢాం ఢాం ఢాం. అవేమిటో తాతయ్య నాకు ఆరేళ్ళప్పుడే చెప్పాడు. ముందు పట్టా విరిగి ఉంటే లైన్‌మనిషి పట్టా మీద పటాసు డబ్బీలు కడతాడు. మూడు పేలాయంటే బండి ఆపాలి. తర్వాత ఎర్రదీపం ఊపుకుంటూ వస్తాడు. వాణ్ణి మర్చిపోకురా, వాడు నీ ప్రాణం కాపాడినవాడు, అనేవాడు తాతయ్య. పెద్ద డ్రైవర్ వెంటనే బ్రేకు వేశాడు. రైల్వేవాడి మనవణ్ణి, రైల్వే పరీక్ష పాసైనవాణ్ణి, నేను మాత్రం బాంబులనుకున్నాను.

ఎర్రదీపం ఊగుతూ వచ్చింది. పక్క బస్తీ నుంచి పదిమంది కర్రలతో పరుగెత్తుకొచ్చారు. "జాసూస్ హై, లైట్ దిఖా రహా హై!" అని, శత్రువుకి లైటు చూపిస్తున్న గూఢచారి అని అరుపులు. నేను జెండా కర్ర పట్టుకుని దిగాను. పెద్ద డ్రైవర్ వద్దని అరిచాడు. ఆయన ఇంజన్ వదిలి రాకూడదు కదా, దిగలేదు. ఆ చీకట్లో ఆయనకి ఏమీ కనబడలేదు కూడా.

కొట్టాను అమ్మమ్మా. వాడు చేతులు అడ్డం పెట్టుకుని "మారిఏ మత్ భైయా, లైన్ కా ఆద్మీ హూఁ" అన్నాడు, కొట్టకండి, లైన్‌మనిషిని అని. అది మన వైపు హిందీ. పేరు సౌరభ్ అనీ, చక్రధర్‌పూర్ అబ్బాయి అనీ తర్వాత తెలిసింది. లెక్క రాయడం నువ్వే నేర్పావు కాబట్టి రాస్తున్నాను. మొత్తం అయిదు దెబ్బలు. ఆ మాట వినకముందు మూడు. విన్నాక రెండు.

ఆ బస్తీలోనే ఉండే బల్దేవ్ చాచా ఎక్కడ్నుంచి వచ్చాడో వాడి మీద బోర్లా పడ్డాడు. దెబ్బలు ఆయన వీపు మీద కూడా పడ్డాయి. ఏదో జీపు లైటు పడగానే అందరూ పారిపోయారు. నేను ఇంజన్ ఎక్కేశాను. పోలీసులు వచ్చేసరికి అక్కడ ఉన్నది ఇద్దరే. చాచా కుర్తా నిండా సౌరభ్ రక్తం. ఆయన్నే పట్టుకుపోయారు. నా చొక్కా మీద చుక్క లేదు, కర్ర పొడుగ్గా ఉంది.

మర్నాడు చూస్తే ముందు నిజంగానే పట్టా విరిగి ఉంది.

సౌరభ్ బతికాడు. తలకి దెబ్బ, ఏమీ గుర్తులేదట. చాచా లోపలే ఉన్నాడు. వీడియోలు ఉన్నాయేమోనని మా అందరి ఫోన్లూ తీసుకున్నారు. మమ్మీతో ఎవరెవరి ఫోన్ల నుంచో మాట్లాడుతున్నాను. ఇరవై రెండో తారీకున నా బయాన్, అదే వాంగ్మూలం, తీసుకుంటారు. చీకట్లో ఏమీ కనబడలేదంటే నాకేమీ కాదు. చెబితే ఉద్యోగం పోతుంది, కేసు కూడా. నేను చెప్పకపోతే చాచా కొట్టలేదని చెప్పేవాళ్ళు ఇంకెవరూ లేరు.

నీ నలభై నాలుగులో నేను ఎటువైపు? నేను పుట్టడమే ఇలా పుట్టానా?

ఏం చెయ్యాలో రాయి. తొందరగా రాయి.

అశోక్


జంషెడ్‌పూర్

అశోక్,

ఎవరికీ ఏమీ చెప్పకు. చీకట్లో ఏమీ కనబడలేదను. నిజంగా చీకటే కదా. నువ్వు దిగలేదను. కర్ర మాట ఎత్తకు. ఆ కర్ర ఎక్కడుంది? పారెయ్యి.

నీకు ఇరవై రెండేళ్ళు. మీ అమ్మకి నువ్వు ఒక్కడివే. మీ నాన్న పోయాక ఇంటింటికీ తిరిగి రోగుల దగ్గర కూర్చుని నిన్ను చదివించింది. ఆ ముసలాయన్ని వాళ్ళే వదిలేస్తారు. సాక్ష్యం లేకపోతే వదలక ఏం చేస్తారు. అరవై దాటినవాడు. నువ్వు జైలుకి వెళితే నేను బతకను. ఇది నా మాట. నా మాట ఎప్పుడూ కాదనలేదు నువ్వు.

ఈ కాగితం చించెయ్యి.

అమ్మమ్మ


కద్మా, జంషెడ్‌పూర్
19 మే 2025, సోమవారం, ఉదయం తొమ్మిది

చిరంజీవి అశోక్‌కి,

మొన్న శనివారం నీకొక ఉత్తరం వేశాను. అందులో రాసింది చెయ్యకు.

ఇది ఎన్నో తేదీకి చేరుతుందో లెక్క వేశాను. ఇరవై మూడు. నీ బయాన్ ఇరవై రెండున. నిన్న మీ అమ్మకి అంతా చెప్పాను, నన్ను క్షమించు. నీ నంబరుకి పదహారుసార్లు చేసింది, స్విచ్ ఆఫ్. ఇంతకుముందు నువ్వు మాట్లాడిన నంబర్లకీ చేసింది. ఒకాయన నువ్వు డ్యూటీలో ఉన్నావన్నాడు, చెబుతానన్నాడు. చెప్పాడో లేదో. శనివారం పోస్టాఫీసుకి ఎండలో నడిచి వెళ్ళి నా చేత్తో ఇచ్చిన కవరును ఇప్పుడు ఏ రైలు మోసుకెళుతోందో, దాన్ని ఆపే దారి లేదు. అయినా ఈ ఉత్తరం రాస్తున్నాను.

టాటానగర్ నాటి పుస్తకాలు లెక్కలో కలపలేదని రాశాను. ఎందుకో నువ్వు అడగలేదు. 1979 ఏప్రిల్‌లో ఇక్కడ మతం పేరిట అల్లర్లు జరిగాయి. అప్పటికి మాకు పెళ్ళయి మూడేళ్ళు. పన్నెండో తేదీ సాయంత్రం మీ తాతయ్య పనిముట్ల పెట్టెలోంచి ఇనపకడ్డీ తీసుకుని బయటికి వెళ్ళారు. క్వార్టర్ల మగవాళ్ళందరూ కాపలాకని వెళ్ళారు. రెండు గంటల తర్వాత వచ్చారు. చేతిలో కడ్డీ లేదు. చొక్కా ముందుభాగమంతా రక్తం. ఆయన ఒంటి మీద దెబ్బ లేదు. గుమ్మంలో నిలబడి నా మొహం చూశారు. నేను ఏదో అడుగుతానని ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డారు. నేను అడగలేదు. చొక్కా విప్పించి చన్నీళ్ళలో నానబెట్టి, మూడుసార్లు సబ్బు పెట్టి ఉతికాను. దినపుస్తకంలో "ఆయన సాయంత్రమంతా ఇంట్లోనే ఉన్నారు" అని రాశాను. తర్వాత ఆఫీసర్లు వచ్చి అడిగినప్పుడు ఆ పేజీయే చూపించాను. టీచరు పుస్తకం కదా, నమ్మారు.

ఆ తర్వాత నలభై ఏళ్ళు ఆయనతో కాపురం చేశాను. అంతకాలమూ ఆయన ఎవరినో చంపి వచ్చారనే నా మనసులో రాసుకున్నాను. ఆయన మెత్తగా మాట్లాడినా, నిన్ను భుజం మీద ఎక్కించుకుని రైళ్ళు చూపించినా, ఆ చేతుల వైపే చూసేదాన్ని. ఆయన పోయి ఆరేళ్ళు.

నీ ఉత్తరంలో బల్దేవ్ కుర్తా గురించి చదివినప్పుడు మొదట నీ గురించే భయపడ్డాను. ఆ భయంలోనే శనివారం ఉత్తరం రాశాను. ఆదివారం తెల్లవారాక మళ్ళీ చదివాను. కొట్టినవాడి చొక్కా మీద చుక్క లేదు. అడ్డంపడ్డవాడి చొక్కా తడిసిపోయింది. మీ తాతయ్య చొక్కా కూడా తడిసే ఉంది, అశోక్. ముందుభాగమంతా. ఎవరినో ఎత్తుకున్నవాడి చొక్కా అలా తడుస్తుంది. కొట్టినవాడిది కూడా తడవొచ్చు. నాకు తెలియదు. ఆ రోజు ఒక్క మాట అడిగి ఉంటే తెలిసేది. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయపడ్డాను.

యుద్ధం మనిషి స్వభావమా అని అడిగావు. నలభై నాలుగు తగాదాల లెక్క చూపించి, ఏదో గెలిచినట్టు జవాబు రాశాను. అసలు పుస్తకం ట్రంకు పెట్టెలో దాచి వేసిన లెక్క అది. జగ్గారావు చేతిలో ఇటుక, నీ చేతిలో కర్ర, నా చేతిలో సబ్బు, అన్నీ భయం పెట్టినవే. స్వభావమో కాదో నాకు ఇప్పుడు తెలియదు. చొక్కా ఉతికింది మాత్రం నా చేతులే. స్వభావం వచ్చి ఉతకలేదు.

అందుకని, చెప్పు. అయిదు దెబ్బలూ చెప్పు. మూడు ముందు, రెండు తర్వాత అని నాకు రాసినట్టే చెప్పు. నాకు చాలా భయంగా ఉంది. అయినా చెప్పు.

రమాదేవి


22 మే 2025, గురువారం, సాయంత్రం ఆరు

అమ్మమ్మకి,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. జంషెడ్‌పూర్ అని ఒక్క ముక్క. కద్మా లేదు. తేదీ లేదు, వారం లేదు, టైము లేదు. కింద రమాదేవి అని కూడా లేదు.

చదివి ముందు ఎంత హాయిగా అనిపించిందో నీకు చెప్పలేను. అమ్మమ్మే చెప్పింది, ఇంకేముంది అనుకున్నాను. పడుకున్నాను. నిద్ర పట్టలేదు. పొద్దున్న మళ్ళీ తీసి చూశాను. పుట్టి ఇన్నేళ్ళలో నువ్వు తేదీ లేకుండా కాగితం మీద గీత గీయడం చూడలేదు. పాలవాడికి రాసిన చీటీ మీద కూడా తేదీ ఉంటుంది. ఇది మా అమ్మమ్మ రాయలేదు, ఎవరో బాగా భయపడ్డ మనిషి రాశారు అనుకున్నాను. నాలాగే.

పదకొండింటికి పిలిచారు. చెప్పాను. ఐదు దెబ్బలని చెబితే రాసుకునేవాడు తల ఎత్తి "గిన్‌కే మారా క్యా?" అన్నాడు, లెక్కపెట్టి మరీ కొట్టావా అని. తర్వాత లెక్కపెట్టుకున్నాను అన్నాను. జెండా కర్ర కూడా ఇచ్చాను. పారెయ్యలేదు.

ఉద్యోగం నుంచి సస్పెండ్ చేశారు. కేసు రాశారు. ఊరు వదిలి వెళ్ళకూడదట. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి, అక్షరాల్లో నీకు తెలుస్తూనే ఉంటుంది.

మూడింటికి బల్దేవ్ చాచాని వదిలారు. ఎడమ చెయ్యి పైకి లేవడం లేదు. నేను కాళ్ళకి దణ్ణం పెట్టబోతే వెనక్కి జరిగాడు. "చౌదహ్ దిన్ కహాఁ థా తూ?" అన్నాడు. పద్నాలుగు రోజులు ఎక్కడున్నావు అని. ఆయన కూతురు ఆయన్ని స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళిపోయింది.

సౌరభ్ దగ్గరికి రేపు వెళతాను. రానిస్తే.

నీ ఉత్తరం చించలేదు. నీ రూలు ప్రకారం వెనక్కి పంపుతున్నాను. తేదీ వెయ్యి.

అశోక్


కద్మా, జంషెడ్‌పూర్
27 మే 2025, మంగళవారం, మధ్యాహ్నం రెండు

చిరంజీవి అశోక్‌కి,

అందింది. నాలుగు తప్పులు. అక్షరాలు వణికాయి, చూశాను.

నువ్వు వెనక్కి పంపిన కాగితం మీద "17 మే 2025, శనివారం, ఉదయం పదకొండు" అని వేశాను. కింద నా పూర్తి పేరు రాశాను. దాన్ని దినపుస్తకంలో అంటించాను. ఆ మాటలు రాసింది భయపడ్డ మరో మనిషి కాదు, నేనే. ఆ సంగతి పుస్తకంలో ఉండాలి.

తర్వాత ట్రంకు పెట్టె తెరిచి 1979 పుస్తకం తీశాను. పాత వాక్యం కొట్టెయ్యలేదు, దాని కింద ఇవాళ్టి తేదీ వేసి రాశాను: "ఆయన ఇంట్లో లేరు. చొక్కా నిండా రక్తంతో వచ్చారు. ఎవరిదో నేను అడగలేదు."

మీ అమ్మా నేనూ శుక్రవారం రైలెక్కుతున్నాం. జగ్గారావు స్టేషన్ దాకా వస్తానంటున్నాడు, రమ్మన్నాను. కేసు ఏమవుతుందోనని మీ అమ్మ కళ్ళు తుడుచుకుంటూనే ఇడ్లీ రవ్వ మూట కట్టింది. బల్దేవ్ గారు పుచ్చుకుంటారో లేదో. పుచ్చుకోకపోతే గుమ్మంలో పెట్టి వచ్చేస్తాం.

నా భయం తగ్గలేదు. రాత్రి నాలుగుసార్లు లేచాను.

అక్కడికి వచ్చాక నువ్వు చెప్పేదేదీ నాకు వినబడదు. రూళ్ళ పుస్తకం ఒకటి తెస్తున్నాను. నా పక్కన కూర్చుని మొదటినుంచీ రాయి. ఈసారి నేను అన్నీ అడుగుతాను.

రమాదేవి